పొగాకుకి ఉన్న ముక్కు వరికి లేదా?

రాజమండ్రి నుంచి గోదావరి దాటి జంగారెడ్డిగూడెం వైపు వెళ్తే దారిలో దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం తగులుతాయి. అంతా మెట్ట. పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్న ఊళ్ళివి. రైతు తెచ్చిన ప్రతి బేలునీ అక్కడ విడిగా చూస్తారు. రంగు చూస్తారు, చేత్తో తడిమి చూస్తారు, ఆకు మొక్కకి కింద కాసిందా, నడుమ కాసిందా, పైన కాసిందా చూస్తారు, కావాలనుకుంటే ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఒకే రైతు, ఒకే చేను, ఒకే బ్యారన్. అయినా రెండు బేళ్ళకి రెండు రేట్లు పలుకుతాయి. రైతు దానికి ఆశ్చర్యపోడు, ఆకుని బట్టి రేటు అని అతనికి తెలుసు.

అక్కణ్ణుంచి డెల్టాలోకి దిగి ఏదైనా ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర నిలబడండి. తేమ మీటరు పెడతారు. 17 శాతం దాటిందా లేదా, అదే పెద్ద ప్రశ్న. తాలు, రాళ్ళు, రంగు మారిన గింజలు చూస్తారు. తర్వాత రెండే గడులు: కామన్, గ్రేడ్-ఏ. ఈ రెంటినీ విడదీసేది గింజ పొడవుకీ వెడల్పుకీ ఉన్న నిష్పత్తి. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర కామన్‌కి క్వింటాల్ 2,369 రూపాయలు, గ్రేడ్-ఏకి 2,389. మన 75 కిలోల బస్తా లెక్కలో తేడా 15 రూపాయలు. అన్నం వండితే వీధి చివరికి ఘుమఘుమలాడే ధాన్యం తెచ్చినా, రుచీ పచీ లేని ధాన్యం తెచ్చినా కాటాకి ఒకటే.

నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. మన రెండు గోదావరి జిల్లాల్లోనే, ఆరోగ్యానికి చేటు చేసే పంటకి వాసన చూసి రేటు కట్టే ఏర్పాటు దశాబ్దాలుగా ఉంది. మూడు పూటలా తినే పంటకి మాత్రం లేదు. పొగాకుని పొగడటం నా ఉద్దేశం కాదు, రేపు ఆ పంట పూర్తిగా పోయినా నాకు బాధ లేదు. ఆ కొనే పద్ధతి మాత్రం వరికి కావాలి.

అసలు పంటలో వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది? మొక్క జన్యువుల్లోంచా, పెరిగిన నేల, ఎండ, నీళ్ళలోంచా? దీని మీద ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టి పరిశోధన చేసింది వైన్ ద్రాక్ష వాళ్ళు. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది కాబట్టి ఓ రెండు పేరాలు ఓపిక పట్టండి. (లిటరరీ క్లబ్ పత్రికలో వైన్ ఏంటని సార్లు అడిగితే, కెమిస్ట్రీ అని చెప్పండి.)

మస్కట్ అనే ద్రాక్ష జాతి ఉంది. దాని పూలవాసనకి కారణం లినలూల్, జెరానియోల్ లాంటి మోనోటెర్పీన్లు. ఇవి తయారయ్యే దారిలో తొలి మెట్టు దగ్గర డి.ఎక్స్.ఎస్. అనే ఎంజైము ఉంటుంది. మస్కట్‌లో ఆ ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. దాంతో ఆ దారిలో సరుకు రవాణా పెరిగి, పండు ఘుమఘుమలాడింది. ఇది జన్యువు పని. ఇక క్యాబర్నే సోవిన్యో ద్రాక్షలో పచ్చి క్యాప్సికం వాసన వేసే మెథాక్సీపైరజీన్లు ఉంటాయి. వీటిని తయారుచేసే శక్తి జన్యువుల్లోనే ఉన్నా, గుత్తి మీద ఎండ బాగా పడి, పండు బాగా మాగితే అవి తగ్గిపోతాయి. చలి ప్రాంతంలో, ఆకుల నీడలో కాసిన గుత్తిలో ఎక్కువగా మిగులుతాయి. షిరాజ్ ద్రాక్ష వైన్‌లో మిరియాల ఘాటు వస్తుంది. దానికి కారణం రొటన్డోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. మన మిరియాల్లో ఉన్నదీ అదే. అది కూడా చల్లటి చోట ఎక్కువ. రీస్లింగ్ ద్రాక్ష దీనికి పూర్తిగా ఎదురు: ఎండ ఎక్కువైతే టి.డి.ఎన్. అనే పదార్థం పెరిగి వైన్‌కి కిరసనాయిలు వాసన పడుతుంది. కాబట్టి ఎండ మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో చెప్పలేం. ఏ పదార్థానికి అన్నది అడగాలి.

ఇందులో నన్ను బాగా పట్టేసిన పదార్థం బీటా-డమస్కనోన్. క్యారెట్‌కి రంగునిచ్చే కెరోటినాయిడ్ల కుటుంబం విరిగి ముక్కలైతే వచ్చే వాసనల్లో అదొకటి. వైన్‌లో ఉంది, గులాబీలో ఉంది, క్యూరింగ్ చేసిన పొగాకులో కూడా ఉంది. అంటే ఫ్రాన్సు ద్రాక్షతోటకీ, కడియం గులాబీకీ, దేవరపల్లి ఆకుకీ రసాయన శాస్త్రం ప్రకారం చుట్టరికం ఉంది! ఆ ఆకు కథ కూడా ద్రాక్ష కథ లాంటిదే. వర్జీనియా పొగాకు నల్లరేగడిలో వేస్తే ఆకు పెద్దగా వాసన లేకుండా, సిగరెట్లో నింపుడు సరుకుగా పనికొచ్చేలా వస్తుంది. మెట్టలోని తేలికపాటి ఇసుక నేలల్లో, క్లోరైడు తక్కువ ఉన్న నీటితో పెంచితే సువాసన గల ఆకు వస్తుంది. వ్యాపారులు ఆ నేలలకి 'నార్తర్న్ లైట్ సాయిల్స్' అని పేరు పెట్టి ఆ ఆకుకి వేరే రేటు కట్టారు. 1947లో రాజమండ్రిలో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థలో ఎన్నో ఏళ్ళు ఈ నేల, ఈ ఆకు మీద పని జరిగింది. నేలని బట్టి వాసన, వాసనని బట్టి ధర అనే మాట ఫ్రాన్సు నుంచి దిగుమతి చేసుకోనక్కర్లేదు. మన మెట్ట రైతుకి ఎప్పుడో తెలుసు.

ఇక వరి.

బాస్మతి, జాస్మిన్, గోవిందభోగ్, మన చిట్టిముత్యాలు. వీటన్నిటి వాసనకీ ముఖ్య కారణం ఒక చిన్న అణువు. పేరు 2-ఎసిటైల్-1-పైరోలిన్. ఇకపై టూ-ఏపీ అందాం. 1980ల మొదట్లో అమెరికాలో రాన్ బటరీ బృందం దీన్ని అన్నంలో పట్టుకుంది. వాసన గల బియ్యంలో కిలోకి 90 మైక్రోగ్రాముల దాకా, మామూలు బియ్యంలో 6 నుంచి 8 మైక్రోగ్రాములు కనిపించింది. ఇంత కొంచెమా అనుకోకండి. వెయ్యి లీటర్ల నీళ్ళలో 0.1 మిల్లీగ్రాము కలిపినా మనిషి ముక్కు పట్టేస్తుంది. పాప్‌కార్న్‌లో ఉన్నదీ ఇదే. పెరట్లో పెంచి బిర్యానీలో వేసుకునే బాస్మతి ఆకులో ఉన్నదీ ఇదే. ఇంకో వింత: పులి తన హద్దు చెప్పడానికి చెట్ల మీద చిమ్మే ద్రవంలో కూడా ఇదే ఉందని కలకత్తా శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి బృందం చూపించింది. హాస్టల్ మెస్‌లో బిర్యానీ రోజున ఈ విషయం చెప్పి నేను ఇద్దరు మిత్రుల్ని పోగొట్టుకున్నాను.

వాసన వరిలో జరిగింది సీఎస్ఈ వాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. వరి ఎనిమిదో క్రోమోజోములో బి.ఎ.డి.హెచ్.-2 అనే జన్యువు ఉంది. అది 503 అమైనో ఆమ్లాల పొడవున్న ఎంజైముకి కోడ్. ఆ కోడ్ మధ్యలో ఒకచోట 8 అక్షరాలు ఎగిరిపోయాయి. దాంతో ప్రోగ్రాం సుమారు సగం దగ్గర, 251 దగ్గర, ఆగిపోతుంది. ఎంజైము పనిచేయదు. అది వాడుకోవాల్సిన ముడిసరుకు వాడకుండా మిగిలిపోయి, టూ-ఏపీగా మారుతుంది. ఆస్ట్రేలియాలో బ్రాడ్‌బరీ బృందం 2005లో ఇది కనిపెట్టింది. అంటే మనం పండగపూట లొట్టలేసే వాసన నిజానికి ఒక బగ్! వేల ఏళ్ళ కిందట ఎవరో రైతు ఆ బగ్‌ని ముక్కుతో పట్టుకుని, విత్తనం దాచి, ఫీచర్‌గా మార్చాడు. లేదా మార్చింది, ఎందుకంటే వండింది ఆడవాళ్ళే, ముందు వాసన తగిలింది వాళ్ళకే.

జన్యువు విరిగి ఉంటేనే వాసన. కానీ ఎంత వాసన అనేది జన్యువు ఒక్కటే చెప్పదు, ఇక్కడ మళ్ళీ ద్రాక్ష కథే. గింజ పాలు పోసుకునే సమయంలో చల్లగా ఉంటే టూ-ఏపీ ఎక్కువ. జపాన్‌లో పగలు 25, రాత్రి 20 డిగ్రీల్లో పండించిన గింజనీ, పగలు 35, రాత్రి 30 డిగ్రీల్లో పండించిన గింజనీ పోల్చి చూస్తే, వేడిలో పండినదాంట్లో వాసన తగ్గింది. నీటి ఎద్దడి తగిలితే పెరుగుతుంది. కొంచెం ఉప్పు తగిలినా పెరుగుతుంది. కష్టం వచ్చినప్పుడు మొక్క ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాన్ని పోగుచేసుకుంటుంది, టూ-ఏపీ తయారీలో దానికీ చేయి ఉంది.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ థాయిలాండ్. ఈశాన్యాన తుంగ్ కులా రోంగ్‌హై అనే మైదానం ఉంది. ఆ పేరుకి అర్థం 'కులా జనం ఏడ్చిన మైదానం'. అంత ఎండు నేల, ఇసుక, ఉప్పు. 1959లో విడుదలైన ఖావ్ డాక్ మలి 105 అనే ఒకే రకం విత్తనాన్ని నీళ్ళు పుష్కలంగా ఉన్నచోట వేస్తే ఒక వాసన, ఈ ఏడుపు మైదానంలో వానమీద ఆధారపడి పండిస్తే అంతకన్నా ఎక్కువ వాసన. ఆ నేల పేరుతో వచ్చే జాస్మిన్ బియ్యానికి 2013లో యూరప్ భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. దిగుబడి తక్కువ, పేరు ఎక్కువ.

ఇప్పుడు మన డెల్టా చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి కాటన్ దొర పుణ్యమా అని కాలువ నీరు, ఒండ్రు నేల. మొక్కకి కష్టం అంటే ఏంటో తెలీదు. యూరియా సరే సరి. సుఖంగా పెరిగిన వరి బరువు ఇస్తుంది. వాసన ఇవ్వడానికి దానికి కారణమే లేదు. పైగా దాళ్వా ఉంది. సంక్రాంతి చుట్టుపక్కల ఊడ్పులు, మార్చిలో గింజ పాలు పోసుకోవడం, ఏప్రిల్‌లో కోతలు. మన ఎండలో, మన ఉక్కలో. బాస్మతి విత్తనం తెచ్చి దాళ్వాలో వేసి, "మన నేలకి వాసన రాదండీ" అని తేల్చేసినవాళ్ళని నేను చూశాను. నేల తప్పు కాదది, నెల తప్పు.

సార్వా వేరు. అక్టోబరులో ఈనిక, నవంబరులో గింజ గట్టిపడటం. అప్పటికి రాత్రుళ్ళు చల్లబడతాయి. బెంగాల్లో బర్ధమాన్ గోవిందభోగ్‌కి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కొండ ప్రాంతం కాదు, మనలాంటి పల్లపు వరి దేశమే. ఆ వరి పండేది కూడా వానాకాలం పంటగానే, చలి మొదలయ్యే రోజుల్లోనే. కాబట్టి తీరప్రాంతం అనగానే వాసన ఆశ వదులుకోవాలన్న వాదన నిలవదు.

మరి మన దగ్గర ఎందుకు పోయింది? దీనికి శాస్త్రవేత్తల్ని తిట్టడం నాకు ఇష్టం లేదు. మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. ఆ ఊరి పేరు మీద వచ్చిన ఎం.టి.యు. రకాలు తినని ఇల్లు దేశంలో తూర్పు, దక్షిణాల్లో తక్కువ. వశిష్ఠ, మసూరి రకాల్ని కలిపి 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, బెంగాల్, ఒడిశా, బంగ్లాదేశ్ దాకా వెళ్ళింది. 1960ల్లో అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూసిన దేశం మనది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు జనం అడిగింది వాసన కాదు, గింజ. ఆ రోజుకి ఆ లక్ష్యం సరైనదే. పాత వాసన రకాలు ఎత్తుగా పెరిగి, 1996 నవంబరులో కోనసీమని ముంచిన లాంటి తుపాను వస్తే మొత్తం నేలకి ఒరిగిపోతాయి. రైతు పొట్టి స్వర్ణని ఎంచుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు.

కానీ ఆ లక్ష్యం నెరవేరి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ప్రభుత్వ గోదాముల్లో బియ్యం పెట్టడానికి చోటు లేదంటున్నారు. డెల్టా రైతు మాత్రం ఇంకా బస్తాల లెక్కలోనే బతుకుతున్నాడు. 2011 సార్వాకి కోనసీమ రైతులు పంట వేయకుండా విరామం ప్రకటించారు. కాలవ చివరి శివారు ఊళ్ళలో మురుగు దిగదు, సముద్రపు ఉప్పు ఎక్కుతుంది, పండినా పెట్టుబడి రాదు. 2022లో మళ్ళీ అదే మాట వినిపించింది. దేశానికి అన్నం పెట్టే డెల్టాలో రైతు నాగలి పక్కన పెట్టేశాడంటే, బరువుకి మాత్రమే ధర కట్టే పద్ధతి పని అయిపోయిందనే నా లెక్క.

మా పెదనాన్నకి ఈ టూ-ఏపీ కథంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "బానే ఉందిరా అబ్బాయ్. ఎకరాకి ఎన్ని బస్తాలు?" అన్నారు. చిట్టిముత్యాలకి స్వర్ణలో సగం వచ్చినా గొప్పే అన్నాను. "నేనంటే సొంత చేను, నష్టపోతే నాది. ఈ ఊళ్ళో ముప్పాతిక మంది కౌలుకి చేసేవాళ్ళు. కౌలు బస్తాల్లో కొలవాలి. సగం దిగుబడి వస్తే ఉన్నదంతా ఆసామికి కొలిచి వాళ్ళేం తింటారు, వాసనా?" అన్నారు.

ఈ ప్రశ్నకి జవాబు లేకుండా సుగంధం గురించి మాట్లాడటం దండగ. వాసన వరి గురించి పత్రికల్లో వచ్చే ఉత్సాహం వ్యాసాలన్నీ ఇక్కడే జారిపోతాయి. ఆ వ్యాసాల్లో రైతుకి ఎప్పుడూ సొంత భూమి ఉంటుంది, హైదరాబాదులో కొనేవాళ్ళు తెలుసుంటారు, కారు ఉంటుంది. కౌలు బస్తాల్లో ఉన్నంతకాలం కౌలు రైతు బరువైన పంటే వేస్తాడు. దాన్ని మార్చాలంటే రెండు దారులు. వాసన రకం దిగుబడి స్వర్ణ దగ్గరికి రావాలి. లేదా వాసనకి రేటు ఆ లోటుని పూడ్చాలి.

మొదటిది ఒకప్పుడు కష్టం, ఇప్పుడు అంత కాదు. మునక తట్టుకునే సబ్-1 జన్యువుని మన స్వర్ణలోకే ఎక్కించి, మిగతా గుణాలేమీ చెడకుండా స్వర్ణ-సబ్1 చేశారు, 2009లో అది రైతుల చేతికి వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి ఎండాకు తెగులు తట్టుకునే మూడు జన్యువులు తెచ్చారు. ఇక 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు-సవరణ వరి రకాల్లో ఒకటి మన మారుటేరు కాటన్‌దొర సన్నాలు, అంటే ఎం.టి.యు. 1010 లోంచి చేసిందే. కరువునీ ఉప్పునీ తట్టుకోవడానికి అందులో ఒక జన్యువుని ఆపేశారు. వాసన విషయంలో కూడా కావాల్సింది ఒక జన్యువుని ఆపడమే కదా! క్రిస్పర్‌తో బి.ఎ.డి.హెచ్.-2ని ఆపేసి మామూలు వరికి వాసన తెప్పించడం ప్రపంచంలో చాలా ల్యాబుల్లో అయిపోయిన పని. క్రిస్పర్ వద్దనుకుంటే మామూలు సంకరణంతో, మార్కర్ల సాయంతో, నాలుగైదు తరాల్లో తేవచ్చు. నాకైతే రెండో దారే ముందు చూడాలనిపిస్తుంది. విత్తనం ఎవరి సొత్తు అనే తగాదా అందులో తక్కువ.

అయితే ఒక మెలిక ఉంది. శివారు భూముల్లో ఉప్పు ఉంది, ఉప్పు తగిలితే వాసన పెరుగుతుంది, కాబట్టి కోనసీమ శివార్లలో వాసన వరి వేసేద్దాం, థాయ్ ఏడుపు మైదానంలా మనకీ పేరొస్తుంది అని లెక్క వేయడం చాలా సులువు. చదివిన మొదటి రోజు నాకూ ఆ ఆలోచన భలే నచ్చింది. కానీ ఆస్ట్రేలియాలోనే 2010లో చేసిన ప్రయోగంలో, ఉప్పు పెట్టినప్పుడు వాసన వరి దిగుబడి వాసన లేని వరి కన్నా ఎక్కువ దెబ్బతింది. ఆ ఎంజైము విరిగిపోవడం వల్ల వాసన ఒక చేత్తో వస్తే, ఉప్పుని ఓర్చుకునే శక్తి ఇంకో చేత్తో పోతున్నట్టుంది. పైగా థాయ్ మైదానంలో ఎండుదనం, మన శివార్లలో నిలవనీరు. రెండు కష్టాలూ ఒకటి కావు. అందుకే శివారు రైతు మీద ఈ ప్రయోగం రుద్దకూడదు. ముందు మంచి మురుగు ఉన్న చేలలో, సార్వాలో, ఆఖరి రోజుల్లో నీరు కాస్త ముందుగా తీసేసి చూడాలి. శివార్లకి కావాల్సింది ముందు డ్రైన్ల పూడిక తీయడం. ఏ జన్యువూ ఆ పని చేయదు.

ఇక రెండో దారి, రేటు. 2023-24లో దేశం నుంచి 52 లక్షల టన్నుల బాస్మతి ఎగుమతి అయింది, విలువ 48 వేల కోట్ల రూపాయల పైన. బాస్మతి అనే పేరుకి 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది హిమాలయాల కింది ఏడు రాష్ట్రాలకే పరిమితం. మధ్యప్రదేశ్ తననీ చేర్చమని ఏళ్ళ తరబడి పోట్లాడుతోంది. అంటే వాసనకి డబ్బుంది, ఆ డబ్బు కోసం రాష్ట్రాలు కోర్టులకెక్కుతున్నాయి. మనం ఆ క్యూలో చివర నిలబడి 'గోదావరి బాస్మతి' అని పేరు పెట్టుకుంటే నవ్వులపాలవుతాం, చట్టం కూడా ఒప్పుకోదు. మనకి మన పేరు కావాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో గుర్తింపు వచ్చింది. ఆ రేకు కూడా బియ్యప్పిండి జావతోనే కదా వేసేది. రేకుకి పేరుంది, రేకు చుట్టిన ఊరికి పేరుంది, లోపలి బియ్యానికి లేదు!

పోనీ కొత్తగా ఒక పంటకి ఇలాంటి మార్కెట్ తయారవుతుందా అంటే, కళ్ళ ముందే ఒకటి నడుస్తోంది: కోకో. కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా వేసిన కోకోని మొన్నమొన్నటి దాకా అందరూ బరువు మీదే కొన్నారు. ఇప్పుడు ఏలూరు జిల్లా తడికలపూడి దగ్గర రైతుల నుంచి తడి గింజలు కొని, పులియబెట్టడం తమ చేతుల్లోకి తీసుకుని, పశ్చిమ గోదావరి పేరు చెప్పి చాక్లెట్ అమ్ముతున్నారు మనం చాక్లెట్ వాళ్ళు. కోకో వాసనలో జన్యువు కొంత, నేల కొంత, పులియబెట్టిన ఆ నాలుగైదు రోజులు చాలా. ఒక కంపెనీతో జిల్లా రాత మారదు. 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను 12 వేల డాలర్లు దాటిన కోకో తర్వాత పడిపోయినప్పుడు మన రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది. అయినా గింజ వాసన చూసి కొనేవాడు ఒకడు పుట్టాడన్నది నిజం.

వరికి అలాంటి కొనేవాడు రావాలంటే ముందు వాసనని కొలవాలి. నాకు కనిపించే అడ్డంకి ఇదే, మన కాలేజీ చేయగలిగిన పని కూడా ఇదే. టూ-ఏపీని కచ్చితంగా కొలిచే గ్యాస్ క్రోమటోగ్రఫీ యంత్రం కొనుగోలు కేంద్రంలో పెట్టలేం. సెన్సర్లతో ఎలక్ట్రానిక్ ముక్కు చేయడం ఈసీఈ వాళ్ళ ప్రాజెక్టుల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఎక్కువగా మద్యం తాగిన డ్రైవర్ని పట్టుకోవడానికో, గ్యాస్ లీకుకో వాడతారు. ధాన్యం మీద ఎవరూ పెట్టగా చూడలేదు. టూ-ఏపీ చాలా తక్కువ మోతాదులో ఉంటుంది కాబట్టి చవక సెన్సరుకి దొరకడం కష్టమే, నాకు తెలుసు. కానీ బాగుంది, బాగోలేదు అని రెండు ముక్కలుగా విడగొట్టినా చాలు, కొనుగోలు కేంద్రానికి అంతకన్నా అక్కర్లేదు.

కోత తర్వాత జరిగేది కూడా లెక్కలోకి రావాలి. టూ-ఏపీ ఎగిరిపోయే పదార్థం. మిషన్‌తో పచ్చిగా కోసిన ధాన్యం హైవే మీద మండుటెండలో ఆరబోస్తే, తర్వాత గోదాములో నెలల తరబడి పడుంటే, విత్తనం ఎంత మంచిదైనా వాసన మిగలదు. ఉప్పుడు బియ్యం చేస్తే మరీ పోతుంది. తక్కువ వేడిలో, నీడపట్టున నెమ్మదిగా ఆరబెట్టాలి, ధాన్యంగానే దాచి కావాల్సినప్పుడు మర పట్టించాలి. మెకానికల్ వాళ్ళు డ్రయ్యర్ ప్రాజెక్టు చేసేటప్పుడు ఎంత త్వరగా ఆరింది అని మాత్రమే రాస్తున్నారు. వాసన ఎంత మిగిలింది అనే ఇంకో కాలమ్ కూడా పెట్టండి.

ఖరీదైన యంత్రాలు వచ్చేలోపు ఒక పాత పద్ధతి ఉంది. భారతీయ శాస్త్రవేత్తలు సూద్, సిద్దిఖ్ 1978లో చెప్పింది. వరి ఆకుని చిన్న ముక్కలుగా కత్తిరించి, మూత ఉన్న గాజు పళ్ళెంలో వేసి, 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం 10 మిల్లీలీటర్లు పోసి, 10 నిమిషాలాగి మూత తీసి వాసన చూడాలి. అంతే. వాసన జన్యువు ఉన్న మొక్క పట్టుబడిపోతుంది. మన ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో ఈ సరంజామా అంతా ఉంది. పొటాషియం హైడ్రాక్సైడ్ చేతి మీద పడకుండా చూసుకోవాలి, ముక్కుని పళ్ళెంలో పెట్టేయకూడదు, చేత్తో విసురుకుని చూడాలి.

ఈ సార్వాకి మా పెదనాన్న పది సెంట్లు ఇస్తామన్నారు, కౌలు అడగనన్నారు. చిట్టిముత్యాలు ఎలాగూ దొరుకుతాయి. నేను వెతుకుతున్నది డెల్టా ఇళ్ళలో, ఏ అటక మీదో, ఏ కుండలోనో, పండగ పరమాన్నం కోసం ఇంటిమట్టుకి గుంట స్థలంలో పండించుకున్న పాత రకాలు. మీ అమ్మమ్మనో నాయనమ్మనో ఒకసారి అడగండి. పేరు తెలీకపోయినా ఫర్వాలేదు, ఏ ఊరు, ఏ నెలలో కోసేవాళ్ళు, ఎత్తెంత ఉండేదో చెబితే చాలు. దోసెడు విత్తనం దొరికితే జూన్ మొదటివారం లోపు క్లబ్ గదిలో ఇచ్చేయండి, నారు పోయడానికి అదే గడువు.